ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో హెచ్ఏప్రాక్సీ పనితీరు: ఒక సమీక్ష

కళాశాల ల్యాబుల్లోనూ చిన్న కార్యాలయాల్లోనూ సర్వర్లు, వాటిని వాడే కంప్యూటర్లు ఒకే సబ్‌నెట్‌లో, అంటే రూటర్ లేకుండా నేరుగా మాట్లాడుకోగల చిరునామాల సమూహంలో, ఉండటం మామూలే. ఇలాంటి చోట లోడ్ బ్యాలెన్సర్‌గా, అంటే అభ్యర్థనలను పలు సర్వర్లకు పంచే సాధనంగా, హెచ్ఏప్రాక్సీ ఎంతవరకు పనికివస్తుందో చెప్పాలంటే, ముందుగా ఇక్కడ వచ్చే చిక్కును వివరించాలి.

192.168.1.50 అనే కంప్యూటర్ 192.168.1.10 వద్ద ఉన్న బ్యాలెన్సర్‌కు అభ్యర్థన పంపిందనుకుందాం. బ్యాలెన్సర్ కేవలం గమ్య చిరునామాను మార్చి దాన్ని 192.168.1.21 సర్వర్‌కు అందిస్తే, ఆ సర్వర్ అడిగినవారు తన సబ్‌నెట్‌లోనే ఉన్నారని గమనించి జవాబును నేరుగా వారికే పంపేస్తుంది. తాను 192.168.1.10తో మాట్లాడుతుంటే 192.168.1.21 నుంచి జవాబు రావడంతో ఆ కంప్యూటర్ దాన్ని తిరస్కరిస్తుంది. సర్వర్‌లో డిఫాల్ట్ గేట్‌వేగా (బయటి నెట్‌వర్క్‌లకు దారిగా) బ్యాలెన్సర్‌ను పెట్టినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఒకే సబ్‌నెట్‌లోని యంత్రాల మధ్య రాకపోకలకు గేట్‌వేతో పని లేదు. బయటి నెట్‌వర్క్ నుంచి చక్కగా తెరుచుకునే సైటు పక్క గదిలో తెరుచుకోకపోవడానికి తరచుగా ఇదే కారణం.

విల్లీ టారో రూపొందించగా 2001లో వెలువడిన హెచ్ఏప్రాక్సీ ఉచిత సాఫ్ట్‌వేర్. ఇది క్లయింట్‌తో (అడిగే కంప్యూటర్‌తో) ఒక టీసీపీ కనెక్షన్‌ను, సర్వర్‌తో వేరొక కనెక్షన్‌ను నడుపుతుంది. సర్వర్ దృష్టిలో అడిగింది హెచ్ఏప్రాక్సీయే కాబట్టి జవాబు తప్పనిసరిగా దాని వద్దకే వస్తుంది. ఒక్క నెట్‌వర్క్ కార్డు చాలు, సర్వర్ల రూటింగ్‌ను ముట్టుకోనక్కరలేదు. నా దృష్టిలో ఈ ఒక్క గుణమే దీన్ని ఎంచుకోవడానికి చాలినంత కారణం.

అయితే దీనికి మూల్యం ఉంది: సర్వర్ లాగులన్నిటిలో (రాకపోకల చిట్టాల్లో) బ్యాలెన్సర్ చిరునామాయే కనిపిస్తుంది. ఏ సీటు నుంచి ఎవరు పరీక్ష రాశారో ఐపీ చిరునామాతో గుర్తించే ల్యాబులకు ఇది చిన్న విషయం కాదు. వెబ్ సేవలకైతే అసలు చిరునామాను అభ్యర్థనలోని ఒక హెడర్‌లో (అదనపు సమాచార వరుసలో) చేర్చే ‘ఆప్షన్ ఫార్వర్డ్‌ఫర్’ పెట్టి, ఆ హెడర్‌ను బ్యాలెన్సర్ నుంచి వచ్చినప్పుడు మాత్రమే నమ్మేలా సర్వర్‌ను అమర్చాలి. ఇతర సేవలకు, కనెక్షన్ మొదట్లోనే అసలు చిరునామాను తెలిపే ప్రాక్సీ ప్రోటోకాల్ ఉంది కానీ అది సర్వర్‌కు కూడా తెలిసి ఉండాలి. అసలు చిరునామాను యథాతథంగా నిలిపే పారదర్శక పద్ధతిని ఇక్కడ వాడితే, పైన చెప్పిన చిక్కే మళ్లీ వస్తుంది.

పంపిణీ పద్ధతుల్లో, అడిగినవారి ఐపీ చిరునామాను బట్టి సర్వర్‌ను ఎంచుకునే ‘సోర్స్’ పద్ధతి లోకల్ నెట్‌వర్క్‌లో బాగా రాణిస్తుంది. ఇంటర్నెట్‌లో వందలమంది ఒకే చిరునామా వెనుక ఉండవచ్చు. ఇక్కడ ప్రతి యంత్రానికీ సొంత చిరునామా ఉంటుంది కాబట్టి భారం దాదాపు సమంగా పడుతుంది, కుకీలు లేకుండానే ఒక్కొక్కరూ ఒకే సర్వర్‌కు అంటిపెట్టుకుని ఉంటారు. ఒక సర్వర్ ఆగినప్పుడు అందరూ చెల్లాచెదురు కాకుండా ‘హ్యాష్‌టైప్ కన్సిస్టెంట్’ కూడా చేర్చడం మంచిది.

సర్వర్ల ఆరోగ్య పరీక్షను ఆన్ చేస్తే, అది 2 సెకన్లకొకసారి నడిచి, వరుసగా 3 సార్లు విఫలమైన సర్వర్‌ను పక్కన పెడుతుంది. కానీ మామూలు పరీక్ష పోర్టు తెరిచి ఉందో లేదో మాత్రమే చూస్తుంది. డేటాబేస్ ఆగిపోయిన అప్లికేషన్ కూడా ఇందులో నెగ్గుతుంది కనుక, నిజమైన పేజీని అడిగి చూసే ‘హెచ్‌టీటీపీచెక్’ వాడటం అవసరం.

పెద్ద ఫైళ్లు పంచాలంటే మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. జవాబులన్నీ బ్యాలెన్సర్ గుండానే పోవాలి గనుక, దాని గిగాబిట్ కార్డే మొత్తానికి పరిమితి అవుతుంది. అటువంటి చోట లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్న లోడ్ బ్యాలెన్సర్ ఐపీవీఎస్‌ను డైరెక్ట్ రూటింగ్ పద్ధతిలో వాడటం మేలు. అది మ్యాక్ చిరునామాను (నెట్‌వర్క్ కార్డు సొంత చిరునామాను) మాత్రమే మారుస్తుంది, జవాబులు సర్వర్ల నుంచి నేరుగా వెళ్తాయి. బ్యాలెన్సర్, సర్వర్లు ఒకే నెట్‌వర్క్ సెగ్మెంట్‌లో ఉండాలన్న దాని షరతు ఇక్కడ ఎలాగూ నెరవేరుతుంది. కాకపోతే ప్రతి సర్వర్‌లోనూ ఉమ్మడి చిరునామాను (క్లయింట్లు వాడే బ్యాలెన్సర్ చిరునామాను) లూప్‌బ్యాక్‌పై (యంత్రం లోపలి ఊహా కార్డుపై) పెట్టి, ఆ చిరునామా ఎవరిదని నెట్‌వర్క్‌లో అడిగే ఆర్ప్ ప్రశ్నలకు స్పందించకుండా ‘ఆర్ప్ ఇగ్నోర్’ విలువను 1గా, ‘ఆర్ప్ అనౌన్స్’ విలువను 2గా మార్చాలి. లేకుంటే సర్వర్లే ఆ చిరునామా తమదని జవాబిచ్చి పంపిణీని దెబ్బతీస్తాయి.