కమిల్లస్ గారి పుస్తకం 40 రూపాయలు: నెల్లూరులో ఒక చిన్న పుస్తకాల గది గురించి

నెల్లూరులో మేం వెళ్లే గుడి (చర్చి) ఆవరణలో, కొవ్వొత్తులు అమ్మే బల్ల వెనకాల ఒక చిన్న గది ఉంది. కతోలిక పుస్తకాలు, జపమాలలు, పటాలు అక్కడ దొరుకుతాయి. బోర్డు లేదు, పేరు కూడా లేదు. ఆదివారం పూజ అయ్యాక ఒక గంటన్నర, మామూలు రోజుల్లో సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు తెరిచి ఉంటుంది. ఒక పెద్ద వయసు సిస్టర్ గారు చూసుకుంటారు. మూడేళ్లుగా ఆ గుడికి వెళ్తున్నా నేను ఆ గదిలో అడుగుపెట్టింది మాత్రం మొన్న ఈస్టరుకి ముందు వచ్చిన తపస్సుకాలంలోనే. అప్పటినుంచి నాలుగుసార్లు వెళ్లాను, ఏడు పుస్తకాలు తెచ్చుకున్నాను. పునీతుల (సెయింట్ల) జీవితాలు తెలుగులో ఎక్కడ దొరుకుతాయని తెలిసినవాళ్లు అడుగుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి, లేకపోతే ఏ పుస్తకం ఎందుకు నచ్చిందో అర్థం కాదు. నేను స్టాఫ్ నర్సుని. మా తమ్ముడికి ఫోన్లో డబ్బులు పెట్టి రమ్మీ ఆడటం అలవాటైంది. మన రాష్ట్రంలో 2020లోనే దాన్ని నిషేధించారు, అయినా వాడికి దారి దొరుకుతూనే ఉంది. అమ్మ గొలుసు తాకట్టులోకి వెళ్లింది. ఇక ఆడనని బైబిలు మీద చెయ్యి పెట్టి మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ తప్పాడు. మూడోసారి తర్వాత నాన్న వాడితో మాట్లాడటం మానేశాడు. నేను కూడా పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, "వాడి మీద నాకు ఓపిక అయిపోయింది ఫాదర్" అని చెప్పుకుని, బయటికి వచ్చి, కళ్లు తుడుచుకుంటూ ఆ గది తలుపు దగ్గర నిలబడ్డాను.

సిస్టర్ గారు "ఎవరికమ్మా పుస్తకం, నీకా, ఇంట్లో వాళ్లకా?" అని అడిగారు. చెప్పాను. ఆమె సలహాలేమీ ఇవ్వలేదు. కింది అరలోంచి సన్న పుస్తకం ఒకటి తీసి, దుమ్ము తుడిచి చేతిలో పెట్టి, "ఇక్కడే కూర్చుని చదువుకో, నచ్చితేనే తీసుకో" అన్నారు. ప్లాస్టిక్ కుర్చీ కూడా వేశారు. ఈ గదికి నేను ఇచ్చే మొదటి మార్కు దానికే.

ఆ పుస్తకం పునీత కమిల్లస్ గారి జీవితకథ. ఇటలీలో 1550లో పుట్టారు, చిన్నప్పుడే తల్లి పోయింది, తండ్రి సైనికుడు, జూదరి. కొడుకూ సైన్యంలో చేరాడు, జూదమూ నేర్చాడు. కాలికి పుండు పడితే రోములో సాన్ జాకొమో ఆసుపత్రిలో చేరి, అక్కడే రోగులకు సేవ చేసే పనికి కుదిరితే, పేకాట, గొడవలు భరించలేక వాళ్లు పంపించేశారు. మళ్లీ సైన్యం, మళ్లీ ఆట. 1574లో నేపుల్స్‌లో ఒంటి మీద చొక్కాతో సహా అన్నీ పోగొట్టుకున్నాడు. తర్వాత కపూచిన్ సన్యాసుల మఠం వాళ్లు కట్టిస్తున్న భవనం దగ్గర కూలిపనికి వెళ్లాడు, అక్కడ 1575 ఫిబ్రవరి 2న మనసు తిరిగింది. కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే నేను పుస్తకం మూసేసేదాన్నేమో, ఎందుకంటే మా తమ్ముడి మనసు కూడా మూడుసార్లు తిరిగింది. కానీ ఈ పుస్తకం ఆ తర్వాత జరిగింది కూడా దాచకుండా చెప్పింది. మఠంలో చేరితే కాలి పుండు మళ్లీ తిరగబెట్టి బయటికి రావలసి వచ్చింది. రెండోసారి వెళ్లినా అంతే. ఏ ఆసుపత్రి వాళ్లు ఒకప్పుడు వద్దు పొమ్మన్నారో చివరికి అదే ఆసుపత్రిని నడిపించే బాధ్యత ఆయన చేతికి వచ్చింది! 1584లో గురువయ్యారు, అంటే ఫాదర్ అయ్యారు, రోగుల సేవకే ఒక సన్యాసుల సభ పెట్టారు, 1586లో పోపు గారి అనుమతి వచ్చింది. వాళ్ల అంగీ మీద ఎర్ర సిలువ ఉంటుంది, మనకు తెలిసిన రెడ్‌క్రాస్ సంస్థ పుట్టిన 1863 కంటే చాలా ముందు మాట ఇది. ఆ పుండు మాత్రం 1614లో చనిపోయేదాకా మానలేదు.

నర్సుగా ఆ పుండు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మానని పుండుకి రోజూ డ్రెస్సింగ్ చేసేవాళ్లకి తెలుస్తుంది, నిన్న చేసిందంతా ఇవాళ మళ్లీ మొదటినుంచి చెయ్యాలి, విసుక్కుంటే పుండు త్వరగా మానదు. దేవుడు కమిల్లస్ గారి విషయంలో అట్లాగే రోజూ కట్టు విప్పి, కడిగి, మళ్లీ కట్టినట్టు అనిపించింది నాకు. నేనేమో మూడుసార్లకే చేతులు దులుపుకున్నాను. నర్సులకు, రోగులకు ఆయన పాలక పునీతుడని (వాళ్ల కోసం దేవుణ్ణి వేడుకునే పునీతుడని) నాకు ముందే తెలుసు, ఏటా జూలై 14న ఆయన పండుగ కూడా తెలుసు, కానీ ఆయన జూదం సంగతి మాకెవరూ చెప్పలేదు.

మిగతా పుస్తకాలన్నీ ఇట్లా ఉండవు. మోనికమ్మ గారి పుస్తకం తెచ్చుకుని బాధపడ్డాను. కొడుకు అగుస్తీను దారి తప్పాడు, తల్లి ప్రార్థించింది, కొడుకు మారాడు, అంతా రెండు పేజీల్లో అయిపోయింది, తర్వాత ఎనిమిది పేజీలు నవదిన ప్రార్థనలే. ప్రార్థనలు వద్దని కాదు. కానీ ఆమె ఏడ్చింది దాదాపు 17 ఏళ్లు! కార్తేజ్ రేవులో ఆమెను ప్రార్థన చేసుకునేచోట వదిలేసి, అబద్ధం చెప్పి, రాత్రికి రాత్రి ఓడెక్కి రోముకు వెళ్లిపోయిన కొడుకు అతను. ఆ తల్లి తర్వాత సముద్రం దాటి మిలాను దాకా వెళ్లింది. 387లో పాస్కా (ఈస్టరు) పండుగకి అక్కడి బిషప్ అంబ్రోసు గారి చేతిమీదుగా కొడుక్కి జ్ఞానస్నానం జరిగింది, అదే ఏడు ఆమె కన్నుమూసింది. నాలాంటి వాళ్లకు కావలసింది ఆ మధ్యలో గడిచిన ఏళ్లే, పుస్తకం రాసినవాళ్లు వాటినే వదిలేశారు. సిస్టర్ గారికి చెప్తే మారుమాట లేకుండా వెనక్కి తీసుకుని ఇంకో పుస్తకం ఇచ్చారు.

అల్ఫోన్సమ్మ గారి పుస్తకం బాగుంది, 2008లో మన దేశం నుంచి పునీతురాలైన మొదటి స్త్రీ ఆమె, 35 ఏళ్లకే పోయింది, ఊళ్ల పేర్లు, తేదీలు సరిగ్గా ఉన్నాయి. ఫ్రాన్సులో ఫాదర్‌గా ఉన్న పునీత వియాన్నీ గారిది పదో తరగతి పిల్లలకి కొనండి, లతీను భాష తలకెక్కక ఎంతో కష్టపడిన మనిషి ఆయన.

ఇక లోపాలు. అక్షరాలు చాలా చిన్నవి, మా అమ్మ చదవలేకపోయింది. ఒక్కో పుస్తకంలో పేర్లు ఒక్కోరకంగా ఉంటాయి, ఒకదాంట్లో తెరేజమ్మ, ఇంకోదాంట్లో థెరీసా, ఇద్దరూ ఒకరేనా అని కొత్తవాళ్లు తికమకపడతారు. ఒక పుస్తకానికి నాలుగు రోజుల్లోనే పేజీలు ఊడొచ్చాయి, ముద్రించినవాళ్లు జాగ్రత్త పడాలి. ధరలు 20 నుంచి 60 లోపే, కమిల్లస్ గారిది 40. ఫోన్‌పే లేదు, చిల్లర తీసుకెళ్లండి. కావలిలోనో ఒంగోలులోనో ఉండేవాళ్లయితే పని చూసుకుని ఆదివారం రండి, మామూలు రోజుల్లో సిస్టర్ గారికి ఒంట్లో బాగోకపోతే గది తెరవరు.

కమిల్లస్ గారి పుస్తకం చివరి పేజీలో లూకా సువార్త నుంచి అంజూరపు చెట్టు కథ వేశారు. మూడేళ్లుగా కాయలేదు కొట్టెయ్యమని యజమాని అంటే, ఈ ఒక్క ఏడూ ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువేస్తానని తోటమాలి అడుగుతాడు. ఆ పేజీ మా అమ్మకి పైకి చదివి వినిపిస్తుంటే, పొదలకూరు దగ్గర మా నిమ్మతోట నుంచి అప్పుడే వచ్చిన నాన్న కాళ్లు కడుక్కుంటూ, "కాయలేదని చెట్టు కొట్టేస్తామా ఏంది, పాదు తవ్వి చూస్తాం గదా" అన్నాడు. అని, కాసేపు అట్లాగే నిలబడిపోయాడు. ఆ రాత్రి అన్నానికి కూర్చున్నాక "వాణ్ణి కూడా పిలువు" అన్నాడు నాతో. అంతకంటే ఏమీ అనలేదు. ఐదు నెలల తర్వాత ఇద్దరూ ఒకచోట కూర్చుని తిన్నారు.

తమ్ముడు మారాడని నేను చెప్పడం లేదు, పోయిన నెల మళ్లీ ఆడాడు. కానీ ఈసారి వాడే వచ్చి చెప్పాడు, ఫోను నా చేతిలో పెట్టాడు. పుస్తకం వాడి మంచం పక్కనే ఉంది, నేపుల్స్ పేజీ దగ్గర బస్సు టికెట్ పెట్టి ఉంది. "అక్కా, అచ్చం నా మాదిరే ఉండాడే ఈయన" అన్నాడు. ఆదివారం ఇంకో కాపీ కొనడానికి వెళ్తున్నాను, మా వార్డులో ఒకమ్మాయి అడిగింది. గదిలో రెండే మిగిలాయని సిస్టర్ గారు చెప్పారు, కావలసినవాళ్లు త్వరగా వెళ్లండి.