ముందుగా మాత్రల డబ్బాలు అడిగిన ఎముకల క్లినిక్

చెన్నైలో పెరంబూరు రైల్వే స్టేషనుకు దగ్గరలో ఉన్న ఈ చిన్న ఎముకల క్లినిక్‌కు మా మేనమామను ఈ ఏడాది నాలుగుసార్లు తీసుకువెళ్లాను. పేరు రాయడం లేదు. రాస్తే అక్కడ కూర్చున్న ప్రతి రోగినీ జనం ఒకే అనుమానంతో చూస్తారు.

మామయ్యకు 53 ఏళ్లు. హెచ్‌ఐవీకి 14 ఏళ్లుగా మందులు వాడుతున్నారు. ప్రస్తుతం హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం వారు టెనోఫోవిర్, లామివుడిన్‌లతో పాటు అటాజనవిర్, రిటోనవిర్ ఇస్తున్నారు. గజ్జలో మొదలైన నొప్పి తొడలోకి దిగి, పీట మీద కూర్చుని అన్నం తినలేని స్థితికి వచ్చారు. అంతకుముందు వెళ్లిన మరోచోట ఆయన తన జబ్బు సంగతి దాచారు. అక్కడివారు ఎక్స్‌రే బాగానే ఉందని చెప్పి, నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్, గ్యాస్ మాత్ర రాసి, తగ్గకపోతే కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేద్దామన్నారు.

ఈ క్లినిక్‌లో డాక్టరుగారు కాలు ముట్టుకోకముందే మాత్రల డబ్బాలన్నీ బల్ల మీద పెట్టమన్నారు. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గించడం వల్ల అటాజనవిర్ ఒంటికి సరిగా పట్టదనీ, టెనోఫోవిర్ వాడేవారిలో డైక్లోఫెనాక్ మూత్రపిండాలకు మరింత హాని చేయవచ్చనీ, రిటోనవిర్ ఉండగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తే ఆ మందు కాలేయంలో త్వరగా విచ్ఛిన్నం కాక ఒంట్లో పేరుకుపోయి ఎముకలనే దెబ్బతీయవచ్చనీ ఆయన మామయ్యకు అర్థమయ్యే తెలుగులో ఓపికగా వివరించారు. మందుల చీటీలో ఇంత ప్రమాదం ఉంటుందని మాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

తుంటి కీలులోని బంతిలాంటి ఎముక భాగానికి రక్తం అందక ఎముక చచ్చుబడే జబ్బు తొలిదశలో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చట. ఎంఆర్‌ఐలో అదే బయటపడింది. టెనోఫోవిర్ వల్ల కొందరిలో ఫాస్ఫేటు మూత్రంలో పోయి ఎముకలు మెత్తబడతాయి కనుక రక్తంలో ఫాస్ఫరస్, విటమిన్ డి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు కూడా చేయించారు. ఎముకల సాంద్రత తెలిపే డెక్సా స్కాన్ అక్కడ లేదు, బయట తీయించుకోవాలి. నాకు బాగా నచ్చిన విషయమేమిటంటే, డాక్టరుగారు హెచ్‌ఐవీ మందుల జోలికి తానుగా వెళ్లలేదు. టెనోఫోవిర్‌కు బదులు వేరే మందు ఇవ్వగలరేమో చూడమని ఏఆర్‌టీ కేంద్రానికి ఉత్తరం రాసి ఇచ్చారు.

లోపాలూ ఉన్నాయి. వేచి ఉండే గదిలో సోఫాలు మరీ లోతుగా ఉన్నాయి, తుంటి నొప్పి ఉన్నవారు వాటిలోంచి లేవడానికి నరకయాతన పడతారు. అంతకంటే బాధ కలిగించినది, మొదటి రోజు రిసెప్షన్‌లోని అమ్మాయి నలుగురిలో జబ్బు పేరు పెట్టి పిలవడం, ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో అదే రాయడం. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. ఆ రోజు మామయ్య తలెత్తలేదు. నేను డాక్టరుగారికి చెప్పాక రెండోసారి నుంచి టోకెన్ నంబరుతో పిలుస్తున్నారు. ఫైలు అట్ట మాత్రం నాలుగోసారికి కూడా మారలేదు. ఈసారి మార్చమని రాతపూర్వకంగా అడిగి వచ్చాను.