బీచ్ మైక్రోప్లాస్టిక్ కిట్: సగం కొనొచ్చు, సగం వద్దు

ఇసుక పీతల కడుపులో మైక్రోప్లాస్టిక్, అంటే 5 మి.మీ. కంటే చిన్న ప్లాస్టిక్ రేణువులు, పోగులు వెతకడానికని కాలేజీలకు అమ్ముతున్న పెట్టె ఇది. లోపల 5 మి.మీ., 1 మి.మీ., 300 మైక్రాన్ల జల్లెడలు, పొటాషియం హైడ్రాక్సైడ్ బిళ్లలు, 47 మి.మీ. గ్లాస్ ఫైబర్ ఫిల్టర్లు, చేతి పంపు, యూఎస్‌బీ మైక్రోస్కోప్, ప్లాస్టిక్ డబ్బాలు, అల్యూమినియం రేకు. ఒడిశాలోని గోపాల్‌పూర్, సోనాపూర్ ఒడ్డున వాడి చూస్తే జల్లెడలకూ ఫిల్టర్లకూ వంక పెట్టలేం.

జీవిని మాత్రం బాగా ఎంచారు. కెరటం వెనక్కి లాగేటప్పుడు తడి ఇసుక మీద ‘వి’ ఆకారపు గీతలు కనిపిస్తాయి. ఎమెరిటా అనే ఇసుక పీత ఉండేది అక్కడే. ఒళ్లంతా ఇసుకలో దాచి, ఈకల్లాంటి మీసాలు మాత్రం పైకి చాచి నీటిలోని మేతను వడకట్టుకుంటుంది. ఆ మేతతోపాటే సన్నటి ప్లాస్టిక్ పోగులూ లోపలికి పోతాయి. అదే ఒడ్డున పరుగులు తీసే ఎర్ర పీత అయితే దొరికిందల్లా తింటుంది. దాని కడుపులోది కెరటం తెచ్చిందో, పిక్నిక్ వాళ్లు పారేసిందో తేలదు. పోలికకు అదే చోటి ఇసుక కూడా తీయాలి. కిట్ పుస్తకంలో ఆ ఊసే లేదు.

ఆటు వేళ చోటుకు ఇరవై పీతలు చాలు. వెంటనే ఐసులో పెట్టకపోతే కడుపు ఖాళీ చేసుకుంటాయి. పైన అంటిన పోగులు లెక్కలో కలవకుండా వడపోసిన నీటితో కడగాలి. రుషికుల్య నది మొగ దగ్గర ఫిబ్రవరి, మార్చిల్లో తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకను మాత్రం ముట్టుకోకండి.

పీత మాంసాన్ని కరిగించి ప్లాస్టిక్‌ను మిగిల్చేది పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. అది 10 శాతం, అంటే లీటరుకు 100 గ్రాములు. బిళ్లలను నీటిలో కొద్దికొద్దిగా వేయాలి, బిళ్లల మీద నీళ్లు పోస్తే వేడెక్కి చిమ్ముతుంది. తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కణజాలానికి మూడింతల ద్రావణం, 40 డిగ్రీలు, 48 గంటలు. పుస్తకం చెప్పే 60 డిగ్రీల దగ్గర పని తొందరగా అవుతుంది గానీ పాలిస్టర్ పోగులు దెబ్బతింటాయి. వెతికేదాన్నే కరగబెట్టుకుంటే ఇంకేం లెక్క?

మాంసం కరుగుతుంది, పెంకు కరగదు. పీతను మొత్తంగా వేస్తే పెంకు ముక్కలతో ఫిల్టర్ మూసుకుపోతుంది. కడుపు, పేగు మాత్రమే కోసి తీయండి. ఇసుక మిగిలితే లీటరుకు 360 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో తేల్చండి. ఉప్పులోనే ప్లాస్టిక్ రేణువులు ఉంటాయి కనుక ఆ నీటిని ముందే వడపోయాలి. తాళ్ల పాలిప్రొపిలీన్, సంచుల పాలిథీన్ తేలుతాయి. సీసాల ‘పెట్’ ప్లాస్టిక్, పైపుల పీవీసీ అడుగునే ఉంటాయి, కాబట్టి అడుగు మడ్డినీ చూడాలి.

అసలు లోపం మూతల్లో. మూతగా ఇచ్చిన అల్యూమినియం రేకును ఈ క్షార ద్రావణం తినేస్తుంది, బూడిదరంగు పొరలు రాలి రేణువుల్లో కలుస్తాయి. ప్లాస్టిక్ డబ్బాల సంగతి చెప్పనే అక్కర్లేదు. గాజు మూత ఉన్న గాజు సీసా వాడండి. పీత లేని ఒక ఖాళీ సీసాను కూడా మొదటి నుంచి చివరి దాకా ఇదే పద్ధతిలో నడపాలి. అందులో మూడు పోగులు కనిపిస్తే అవి మీ చొక్కావో, ఫ్యాను గాలివో. నూలు బట్టలే వేసుకోండి.

మైక్రోస్కోప్ మీద ‘1000 రెట్లు’ అని ఉన్నా, పోగు అంచులు తేటగా కనిపించేది అంతకంటే చాలా తక్కువ రెట్లలోనే. మి.మీ. స్కేలు పక్కన పెట్టి కొలత సరిచూసుకోండి. వేడి సూది తగిలితే ముడుచుకునేది ప్లాస్టిక్ కావొచ్చు. ఏ రకమో చెప్పాలంటే ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తించే) యంత్రమున్న ల్యాబ్‌కు పంపాల్సిందే.

జల్లెడలు, ఫిల్టర్లు, పంపు విడిగా దొరికితే అవే తీసుకోండి.