లాడ్జి వై-ఫైలో ఆర్టీజీఎస్: ప్రోటాన్ వీపీఎన్‌తో నా అనుభవం

బ్యాంకు పనుల కోసం వీపీఎన్ (మన ఇంటర్నెట్ డేటాకు తాళం వేసి తన సర్వర్ మీదుగా పంపే సేవ) కొనాలా అని అడిగేవాళ్లలో చాలామందికి అది అక్కర్లేదు. ఫోన్‌లో డేటా ఉండి, యూపీఐలో వెయ్యో రెండు వేలో పంపుకునేవాళ్లు వై-ఫై ఆపేసి ఆ డేటా మీదే పని కానిస్తే సరిపోతుంది. నా అవసరం వేరు. మాది గుంటూరు, మిర్చి వ్యాపారం. సీజన్ వచ్చిందంటే ఖమ్మం, వరంగల్ ఎనుమాముల, అటు కర్ణాటకలో బ్యాడగి యార్డుల చుట్టూ తిరుగుడే. ఆర్టీజీఎస్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు పెద్ద మొత్తాలు పంపే పద్ధతి) కొట్టాలంటే కంపెనీ ఖాతాను ల్యాప్‌టాప్‌లో తెరవాలి. లాడ్జి గదుల్లో సిగ్నల్ సరిగ్గా అందదు. పైగా 2020 డిసెంబరు నుంచి ఆర్టీజీఎస్ రాత్రీ పగలూ నడుస్తోంది కాబట్టి, "అన్నా, డబ్బులింకా పడలేదు" అని రాత్రి పదకొండుకీ ఫోన్లు వస్తాయి. అలా కొన్నేళ్లుగా ప్రోటాన్ వీపీఎన్ డబ్బు కట్టి వాడుతున్నాను.

లాడ్జిలో వై-ఫై పాస్‌వర్డ్ రిసెప్షన్ గోడకే అంటించి ఉంటుంది, అన్ని గదులకీ అదే. డబ్ల్యూపీఏ2 అనే మామూలు రక్షణ ఉన్న వై-ఫై నెట్‌వర్క్‌లో ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు, మనం కనెక్టయ్యే క్షణాన్ని కూడా పట్టుకోగలిగితే, గాలిలో పోయే మన డేటాను విప్పి చూడొచ్చు. అయినా బ్యాంకు పాస్‌వర్డ్ వాడికి దొరకదు. అది హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య డేటాకు వేసే తాళం) రక్షణలో ఉంటుంది. ఏ సైట్‌కి వెళ్తున్నామో మాత్రం తెలిసిపోతుంది. నాకు అసలు టెన్షన్ ఇంకోటి: లాడ్జి పేరుతోనే వేరే రూటర్ పెట్టి, డీఎన్ఎస్ (సైట్ పేరు చెబితే దాని సర్వర్ అడ్రస్ ఇచ్చే వ్యవస్థ) జవాబు మార్చి, మనల్ని దొంగ పేజీకి తోలడం. ఆ సైట్ గుర్తింపు పత్రం, అంటే సర్టిఫికెట్, బాగాలేదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది, నిజమే. కానీ అవతల రైతు ఎదురుచూస్తుంటే ఆ హెచ్చరిక చదివే ఓపిక ఎందరికుంటుంది? వీపీఎన్ ఆన్‌లో ఉంటే డీఎన్ఎస్ ప్రశ్నలు కూడా దాని లోపల నుంచే పోతాయి. రూటర్ పెట్టినవాడికి నేనొక వీపీఎన్ సర్వర్‌తో మాట్లాడుతున్నానన్న సంగతి తప్ప ఏమీ కనబడదు.

అంటే, లాడ్జి వాడు చూడగలిగిందంతా ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూడగలదు. అందుకే వేగం, సర్వర్ల సంఖ్య లాంటి ప్రకటనల కన్నా కంపెనీ ఎవరిదన్నదే నేను ముందు చూశాను. ఒనావో అని ఒక ఉచిత వీపీఎన్ ఉండేది. 2013లో ఫేస్‌బుక్ దాన్ని కొని, జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో దాని ద్వారా తెలుసుకుంది. ఆ సంగతి జనానికి సరిగ్గా చెప్పనందుకు ఆస్ట్రేలియా కోర్టు 2023లో మెటా (ఫేస్‌బుక్ కంపెనీ ఇప్పటి పేరు) అనుబంధ సంస్థలకు 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. హోలా అనే ఇంకో వీపీఎన్ అయితే ఉచితంగా వాడేవాళ్ల ఇంటర్నెట్ కనెక్షన్‌నే వేరేవాళ్లకు అమ్ముతున్నట్టు 2015లో బయటపడింది. ప్లే స్టోర్‌లో నాలుగున్నర నక్షత్రాలు చూసి ఎవరిదో తెలియని ఉచిత వీపీఎన్ మీద బ్యాంకు తెరిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంతకన్నా లాడ్జి వై-ఫై నయం.

చివరికి నా ముందు రెండు పేర్లు మిగిలాయి. ఒకటి స్వీడన్‌కు చెందిన మల్‌వాడ్. ఈమెయిల్ కూడా అడగదు, ఒక ఖాతా నంబరు చేతికిస్తుంది, నెలకు 5 యూరోలు. 2023 ఏప్రిల్‌లో పోలీసులు సోదా వారెంటుతో వాళ్ల ఆఫీసుకు వెళ్లి, ఇచ్చేందుకు కస్టమర్ల సమాచారమేమీ లేకపోవడంతో ఖాళీ చేతులతో వెనుదిరిగారు. దానికన్నా మంచి సర్టిఫికెట్ ఏ కంపెనీకి ఉంటుంది! రెండోది స్విట్జర్లాండ్ వాళ్ల ప్రోటాన్. యాప్‌ల సోర్స్ కోడ్ 2020 నుంచి అందరికీ అందుబాటులో ఉంది, లాగ్స్ (ఎవరు ఏం చూశారన్న రికార్డులు) దాచడం లేదని సెక్యూరిటమ్ అనే బయటి సంస్థ తనిఖీ చేసి నివేదికలిచ్చింది. 2021లో స్విస్ అధికారుల ఆదేశం మీద ప్రోటాన్ తన మెయిల్ వాడే ఒక కార్యకర్త ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు) ఇచ్చిందని గొడవ జరిగింది. అది మెయిల్ సంగతి. అయినా నేను పోలీసుల నుంచి దాక్కోవడం లేదు, పక్క గదివాడి నుంచి దాక్కుంటున్నాను.

ప్రోటాన్‌నే ఎంచుకోవడానికి అసలు కారణం ఇండియా ఐపీ, అంటే బ్యాంకుకు మనం ఇండియా నుంచే వస్తున్నట్టు కనబడటం. ఉచిత ప్లాన్‌లో డేటా పరిమితి లేదు కానీ దేశం మన చేతిలో ఉండదు. విదేశీ సర్వర్ నుంచి లాగిన్ అయితే మా బ్యాంకు, పేరెందుకులే, వెంటనే సెషన్ ఆపేసేది. డబ్బు కట్టే ప్లాన్‌లో ఇండియా ఎంచుకోవచ్చు. ఆ సర్వర్ నిజానికి ఉండేది సింగపూర్‌లో. కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు దాచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చాక ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, ప్రోటాన్ లాంటివి దేశంలోని సర్వర్లు ఎత్తేసి, బయట నుంచే ఇండియా ఐపీ ఇస్తున్నాయి. డేటా ఖమ్మం నుంచి సింగపూర్ వెళ్లి, బ్యాంకు సర్వర్ కోసం మళ్లీ ముంబై రావడమంటే కాస్త ఆలస్యమే. బ్యాంకు పేజీలకు ఆ తేడా పెద్దగా తెలియదు.

రోజూ వాడేటప్పుడు విసుగు పుట్టించేది లాగిన్ పేజీ. రైల్వే స్టేషన్‌లోనైనా లాడ్జిలోనైనా వై-ఫైకి ఓటీపీ అడిగే పేజీ ముందు తెరుచుకోవాలి. కిల్ స్విచ్ (వీపీఎన్ లేకపోతే ఇంటర్నెట్‌నే ఆపేసే అమరిక) ఉంటే అది తెరుచుకోదు. దాన్ని ఆపి, ఓటీపీ కొట్టి, వీపీఎన్ కలిపి, మళ్లీ కిల్ స్విచ్ పెట్టి, అప్పుడు బ్యాంకు ట్యాబ్ తెరవాలి. చాలా కంపెనీల వీపీఎన్‌లతో ఈ తంతు తప్పదు. కొన్ని హోటళ్లు వీపీఎన్ మామూలుగా కలిసే వైర్‌గార్డ్ అనే పద్ధతిని అడ్డుకుంటాయి. అలాంటిచోట వీపీఎన్ అని తెలియకుండా కలిపే ప్రోటాన్ స్టెల్త్ ప్రోటోకాల్‌కి మారిస్తే దాదాపు ఎప్పుడూ కలుస్తుంది. ఇంకో సంగతి, 2024 మేలో టన్నెల్‌విజన్ అనే లోపం బయటపడింది. అదే వై-ఫైలో ఉన్న దొంగ డీహెచ్‌సీపీ సర్వర్ (మన పరికరానికి నెట్‌వర్క్ అడ్రస్, దారి చెప్పేది), డేటాను వీపీఎన్ బయటికి మళ్లించగలదు. ఆండ్రాయిడ్‌కి ఆ బెడద లేదు, ల్యాప్‌టాప్‌లకు ఉంది. అందుకే సిగ్నల్ రెండు గీతలున్నా పెద్ద మొత్తాలకు ఫోన్ హాట్‌స్పాటే వాడతాను.

ఫోన్‌లో మాత్రం యూపీఐ, బ్యాంకు యాప్‌లను స్ప్లిట్ టన్నెలింగ్‌తో (ఎంచుకున్న యాప్‌లను వీపీఎన్ నుంచి మినహాయించే అమరిక) వీపీఎన్ బయటే ఉంచాను. వీపీఎన్ కనబడితే తెరుచుకోని బ్యాంకు యాప్‌లు కొన్ని ఉన్నాయి, వాటితో కుస్తీ పట్టడం దండగ. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చే దొంగ ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్లను ఏ వీపీఎనూ ఆపలేదు. అలాంటిది నొక్కి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు సైట్ అడ్రస్ ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగియాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం దొంగ సైట్లను పట్టడానికి బాగా పనికొస్తోంది. లాగిన్‌కి ముందు నా కన్ను అక్కడికే పోతుంది.

కొనాలనుకుంటే రెండేళ్ల ప్లాన్ నెలకు చవగ్గా పడుతుంది. కానీ ముందు ఒక్క నెలకే కట్టి, ఇండియా సర్వర్ పెట్టుకుని మీ బ్యాంకు లాగిన్ అవుతుందో లేదో, ఓటీపీ దాటి లావాదేవీ చివరిదాకా పోతుందో లేదో ఇంట్లోనే ఒకసారి చూసుకోండి.