రియల్‌టెక్ 8811సీయూ వైఫై డాంగిల్: లినక్స్‌లో పనికొస్తుందా?

డబ్బా మీద ‘లినక్స్ సపోర్ట్’ అని ఉన్నా, మీ కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) 6.2 కంటే పాతదైతే ఆ మాట నమ్మకండి. ఈ డాంగిల్‌లోని 8811సీయూ చిప్‌కి కెర్నల్‌లోనే డ్రైవర్ వచ్చింది 6.2తోనే. ఉబుంటు 24.04లో మొదటి నుంచే 6.8 ఉంది కాబట్టి, గుచ్చగానే నెట్‌వర్క్‌లు కనిపించాలి.

కనిపించలేదా? టెర్మినల్‌లో యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ కొట్టి డాంగిల్ ఐడీ చూడండి. చివర 1ఏ2బీ (1a2b) అని ఉంటే, డాంగిల్ ఇంకా వైఫై పరికరంగా కాకుండా విండోస్ డ్రైవర్ ఉన్న సీడీ వేషంలోనే ఉందన్నమాట. ఆ వేషం మార్చే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ (usb-modeswitch) ప్యాకేజీ వేసి, డాంగిల్ తీసి మళ్లీ పెట్టండి, ఐడీ సీ811 (c811)గా మారాలి. మారకపోతే ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీని ఎజెక్ట్ చేసి చూడండి.

పాత కెర్నల్‌లో బయటి డ్రైవర్ వేస్తే డీకేఎంఎస్‌తోనే (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్లీ తయారుచేసే సాధనం) వేయండి, అందుకు కావలసిన కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ కూడా ఉండాలి. లేదంటే కెర్నల్ అప్‌డేట్ అవగానే వైఫై గల్లంతు. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే ఆ డ్రైవర్ మాడ్యూల్‌కి డిజిటల్ సంతకం తప్పదు.

వేగం 5 గిగాహెర్ట్జ్‌లో కాగితం మీద 433 ఎంబీపీఎస్. ఒకే యాంటెన్నా, గోడ అడ్డొస్తే సంగతి వేరు.