మున్సిపల్ ఫంక్షన్ హాల్ కాంట్రాక్టులు: ఏ ఆడిట్ మేలు?

మున్సిపల్ కల్యాణ మండపాల్లో శానిటేషన్, సెక్యూరిటీ కాంట్రాక్టుల గురించి ఎప్పుడు రాసినా పాఠకుల నుంచి ఒకే ప్రశ్న వస్తోంది: "ఏటా ఆడిట్ జరుగుతూనే ఉంది కదండీ, మళ్ళీ సోషల్ ఆడిట్ ఎందుకు?" చాలా ఏళ్ళు ఆడిట్‌లోనే పనిచేశాను కాబట్టి జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది. ఏటా జరిగేది శాఖ అధికారులు కాగితాలు చూసే ఆడిట్; సోషల్ ఆడిట్ అంటే పని చేసినవాళ్ళనే నేరుగా అడిగి ఆ లెక్కల్ని సరిచూడటం. రెండూ కావాలి. ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం సోషల్ ఆడిట్‌నే అడుగుతాను.

ఒక పట్టణంలో మున్సిపల్ ఫంక్షన్ హాల్ ఫైలు చూడాల్సి వచ్చింది. 12 మంది శానిటేషన్ వర్కర్లు, నెలనెలా బిల్లు. వర్క్ ఆర్డర్, అగ్రిమెంట్, హాజరు పట్టీ, పని జరిగిందని అధికారి సంతకం, అన్నీ ఉన్నాయి. ఓచర్లలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అనుమానం తీరక హాలు బుకింగ్ రిజిస్టర్ తెప్పించుకున్నాను. ముందు మూఢం, దాని వెంటనే ఆషాఢం. ముహూర్తాలు లేని ఆ మూడు నెలల్లో జరిగినవి నాలుగే ఫంక్షన్లు. బిల్లులో ఫినాయిలు, బ్లీచింగ్ మాత్రం మాఘమాసంలో ఎంత వాడారో అంతే. వర్కర్ల పేరుపేరునా కాంట్రాక్టర్ ప్రావిడెంట్ ఫండ్ (పీఎఫ్) కట్టిన చలానా తీయిస్తే అందులో ఏడు పేర్లే ఉన్నాయి.

హాలుకి వెళ్ళాను. కాంట్రాక్టర్లు మారినా అక్కడే ఊడుస్తున్న ఒక పెద్దావిడ ఉంది. "అప్పట్లో ఎంతమంది చేసేవారమ్మా?" అని అడిగాను. "అయిదుగురం సార్. పెళ్ళిళ్ళుంటే ఇంకో ఇద్దర్ని పిలిచేవాళ్ళు" అంది. చలానాలో ఏడుగురే ఎందుకున్నారో అప్పుడు అర్థమైంది. కానీ ఆమె మాట రికార్డు కాదు గనక ఆడిట్ పేరాలో రాయలేకపోయాను. రిజిస్టర్ల మధ్య తేడానే అభ్యంతరంగా రాశాను. అప్పటికే ఆ కాంట్రాక్టు ముగిసి రెండేళ్ళయింది.

నా దృష్టిలో తేల్చేది ఇదే: పని చేసినవాళ్ళని ఎవరు అడుగుతారు, ఎప్పుడు అడుగుతారు? శాఖాపరమైన ఆడిట్ కాగితాన్ని కాగితంతో సరిచూస్తుంది, అదీ డబ్బు వెళ్ళిపోయాక. దానికున్న బలం తక్కువేం కాదు. అభ్యంతరం నిలబడితే సర్‌చార్జ్ వేసి బాధ్యుల నుంచి సొమ్ము రాబట్టవచ్చు. సోషల్ ఆడిట్‌కి ఆ అధికారం లేదు.

అయినా ఉపాధి హామీలో దాని పనితనం మనవాళ్ళకి కొత్త కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ పనుల్ని తనిఖీ చేసే బాధ్యతని గ్రామసభకే ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచే మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని కూలీల ఇళ్ళకి వెళ్ళి "ఇన్ని రోజులు పనిచేశావా? ఇంత కూలి అందిందా?" అని అడగడం మొదలైంది. ఆ పద్ధతి మున్సిపల్ హాలు దగ్గరికి ఎందుకు రాకూడదు? మేఘాలయ 2017లోనే అనేక పథకాలకి, సేవలకి వర్తించేలా సోషల్ ఆడిట్ చట్టం చేసుకుంది.

ఇబ్బంది లేకపోలేదు. సూపర్‌వైజర్ పక్కనే నిలబడితే వర్కర్లు నోరు విప్పరు. నోరు విప్పితే రేపట్నుంచి పనిలోకి రావద్దంటారేమోనని టెన్షన్. అందుకే హాలులో కాదు, వాళ్ళ ఇళ్ళ దగ్గర అడగాలి. పేర్లు బయటపెట్టకూడదు. అడిగేవాళ్ళు వేరే వార్డువాళ్ళైతే ఇంకా మంచిది.

ఇక థర్డ్ పార్టీ తనిఖీ, అంటే బయటి సంస్థతో చేయించేది. ఫీజు ఇచ్చేది మున్సిపాలిటీయే కాబట్టి నాకు పెద్ద ఆశ లేదు. బయోమెట్రిక్ హాజరు పెట్టడం మంచిదే, కానీ వేలిముద్ర వేసినవాళ్ళు ఊడ్చారో లేదో అది చెప్పదు.

సమాచార హక్కు దరఖాస్తుని నేను వీటికి పోటీగా చూడను. సోషల్ ఆడిట్‌కి కాగితాలు తెచ్చిపెట్టేది అదే. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఆ చట్టం సెక్షన్ 2(జె) కింద రికార్డుల్నే కాదు, పనినీ స్వయంగా వెళ్ళి చూసే హక్కుంది. "కాంట్రాక్టు వివరాలన్నీ ఇవ్వండి" అని అడిగితే కట్టలకొద్దీ టెండరు కాగితాలు వస్తాయి, అసలువి రావు. మూఢంలో ఒక నెల, మాఘంలో ఒక నెల ఎంచుకుని ఆ రెండు నెలల బుకింగ్ రిజిస్టర్, హాజరు పట్టీ, కాంట్రాక్టర్ బిల్లు, దానితో జతచేసిన పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు, ఇవే అడగండి. అవి చేతికొచ్చాక వర్కర్ల ఇళ్ళకి బయల్దేరండి.