సిస్టమ్ ఫోల్డర్‌లోకి ఫైల్: రూట్ ఎక్స్‌ప్లోరర్, మ్యాజిస్క్ మాడ్యూల్ ఏళ్ల వాడకం తర్వాత

రూట్ చేసిన (సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్న) ఫోన్లో సిస్టమ్ ఫోల్డర్‌లోకి ఫైల్ పెట్టడానికి రెండు దారులున్నాయి. రూట్ ఎక్స్‌ప్లోరర్ లాంటి ఫైల్ మేనేజర్‌తో నేరుగా అక్కడే రాసేయడం ఒకటి. ఫైల్‌ను, ఫోన్‌ను రూట్ చేసే మ్యాజిస్క్ అనే సాధనానికి మాడ్యూల్‌గా (జోడింపు ప్యాకేజీగా) కట్టి, బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్ మీద పరిచేలా చేయడం రెండోది. ఆండ్రాయిడ్ 7 ఉన్న పాత ఫోన్లో మొదటిదాన్ని, ఆండ్రాయిడ్ 13 ఫోన్లో రెండోదాన్ని ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష ఇది. పని రెండు చోట్లా ఒక్కటే: ఫోన్‌తో వచ్చిన నోటో సాన్స్ తెలుగు ఫాంట్ బదులు సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి ఫాంట్ కనిపించేలా చేయడం. రోజంతా తెలుగు చదివే కంటికి ఈ మార్పు విలువైనదే.

ముందుగా రూట్ ఎక్స్‌ప్లోరర్. డబ్బు పెట్టి కొనాల్సిన యాప్, హంగులు లేవు. కానీ సిస్టమ్ పనికి కావలసినవన్నీ చేతికందేలా ఉంటాయి: ఫోల్డర్‌ను రీడ్-ఓన్లీ నుంచి రీడ్-రైట్‌కు మార్చే మౌంట్ బటన్, పర్మిషన్లు, ఓనర్ మార్చే పెట్టెలు, టెక్స్ట్ ఎడిటర్, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ చూసే సదుపాయం. పాత ఫోన్లో సిస్టమ్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌కు వెళ్లి, మౌంట్ బటన్ నొక్కి, ఫైల్ పేస్ట్ చేస్తే చాలనిపిస్తుంది. అక్కడే చాలామంది ఫోన్లు లోగో దగ్గర ఆగిపోతాయి.

కారణం పర్మిషన్లే. ఇంటర్నల్ స్టోరేజీ నుంచి వచ్చిన ఫైల్‌కు 660 లాంటి పర్మిషన్ (ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అని చెప్పే అంకె) అంటుకుని ఉండొచ్చు. సిస్టమ్‌లో ఉండే మామూలు ఫైల్‌కు ఓనర్, గ్రూప్ రెండూ రూట్ అయి ఉండాలి, పర్మిషన్ 644 ఉండాలి, ఫోల్డర్‌కైతే 755. దీనికితోడు ఎస్ఈలైనక్స్ (ఆండ్రాయిడ్ భద్రతా వ్యవస్థ) లేబుల్ సిస్టమ్_ఫైల్ అని ఉండాలి. అంకెలన్నీ సరిగ్గా ఉన్నా లేబుల్ తప్పితే యాప్‌లు ఆ ఫైల్‌ను తెరవలేవు. అనుమానంగా ఉంటే టెర్మినల్‌లో ఎల్ఎస్ కమాండ్‌కు పెద్ద జెడ్ ఆప్షన్ ఇచ్చి, పక్కనున్న పాత ఫాంట్ లేబుల్‌తో పోల్చి చూడండి.

పేస్ట్ చేసే వరుస కూడా ముఖ్యమే. పాత ఫైల్ మీదే కొత్తదాన్ని ఓవర్‌రైట్ చేయకూడదు. ఆ ఫాంట్ అప్పటికే నడుస్తున్న యాప్‌లన్నిటి మెమరీలో మ్యాప్ అయి ఉంటుంది, కింద ఉన్న బైట్లు మారిపోతే అవి వరసగా కూలిపోతాయి. కొత్త ఫైల్‌ను వేరే పేరుతో అదే ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. పర్మిషన్లు సరిచేయండి. పాతదాన్ని ఇంటర్నల్ స్టోరేజీలో దాచుకున్నాక, కొత్తదానికి అసలు పేరు పెట్టండి. పేరు మార్చడం ఒక్క క్షణంలో ముగిసే పని, మధ్యలో సగం ఫైల్ మిగిలే ప్రమాదం ఉండదు. ‘మూవ్’ మాత్రం వాడొద్దు. రెండు వేర్వేరు పార్టిషన్ల (స్టోరేజీలోని విడి భాగాల) మధ్య మూవ్ అంటే కాపీ చేసి అసలుది తుడిచేయడమే. సిస్టమ్ పార్టిషన్‌ను తయారీలోనే దాదాపు నిండుగా కొలిచి కడతారు కాబట్టి చోటు చాలకపోతే మధ్యలోనే ఆగుతుంది.

పాత ఫోన్ విషయంలో ఇంత శ్రద్ధ చాలు. ఆండ్రాయిడ్ 10, ఆపైన వెర్షన్‌తో మార్కెట్లోకి వచ్చిన ఫోన్లలో మౌంట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ‘రీడ్-ఓన్లీ’ అనే సమాధానమే వస్తుంది. రూట్ సరిగ్గా పడలేదని చాలామంది మళ్లీ మళ్లీ ఫ్లాష్ చేస్తుంటారు (ఫోన్లోకి ఎక్కిస్తుంటారు). తప్పు రూట్‌ది కాదు. సిస్టమ్, ప్రోడక్ట్, వెండర్ అన్నీ సూపర్ అనే ఒకే పెద్ద పార్టిషన్‌లో, ఖాళీ మిగలకుండా సర్ది ఉంటాయి. లోపలి ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే ఒకేలా ఉన్న బ్లాకులను పంచుకునే పద్ధతిలో కట్టి ఉంటుంది, దాన్ని రీడ్-రైట్‌గా మౌంట్ చేయడానికి ఆండ్రాయిడ్ అడుగున ఉండే కెర్నల్ ఒప్పుకోదు. కొత్త ఫోన్లలో ఈఆర్ఓఎఫ్ఎస్ వస్తోంది, అది పుట్టుకతోనే చదవడానికి మాత్రమే పనికొచ్చే ఫైల్ సిస్టమ్. పార్టిషన్‌ను విప్పి మళ్లీ కట్టే స్క్రిప్టులు తిరుగుతున్నాయి గానీ, రోజూ వాడే ఫోన్ మీద వాటిని వాడమని నేను చెప్పను.

ఇక్కడ మ్యాజిస్క్ మాడ్యూలే దారి. అసలు పార్టిషన్‌ను ముట్టుకోదు. డేటా లోపల ఏడీబీ, దానిలో మాడ్యూల్స్ అనే ఫోల్డర్‌లో మీ మాడ్యూల్ ఉంటుంది. దానిలోపల సిస్టమ్ అనే ఫోల్డర్, అందులో ఫాంట్స్, అందులో మీ ఫైల్. బూట్ అయ్యేటప్పుడు అదే దారిలో ఉన్న అసలు ఫైల్ మీద ఇది పరుచుకుంటుంది. వెండర్, ప్రోడక్ట్ ఫైళ్లను కూడా ఈ సిస్టమ్ ఫోల్డర్ లోపలే పెట్టాలి, బయట విడిగా పెడితే పనిచేయవు.

మాడ్యూల్ డాట్ ప్రాప్ ఫైల్‌లో ఐడీ, నేమ్, వెర్షన్, వెర్షన్‌కోడ్, ఆథర్, డిస్క్రిప్షన్ వరుసలుంటాయి. ఐడీ ఇంగ్లిష్ అక్షరంతో మొదలవాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. వెర్షన్‌కోడ్ పూర్ణసంఖ్య అయి ఉండాలి. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాస్తే లైన్ చివర అదనపు గుర్తు చేరి చిక్కులొస్తాయి, యూనిక్స్ లైన్ ఎండింగ్‌తోనే సేవ్ చేయండి. జిప్ చేసేటప్పుడు బయటి ఫోల్డర్‌ను కాకుండా లోపలున్న వాటిని ఎంచుకుని జిప్ చేయాలి. ఇన్‌స్టాల్ విఫలమైతే మొదట చూడాల్సింది ఇదే. జిప్‌గా ఇన్‌స్టాల్ చేస్తే 755, 644 పర్మిషన్లు మ్యాజిస్కే వేస్తుంది, చేత్తో ఫోల్డర్ పెడితే మీరు వేయాలి. ఆ పనికి కొత్త ఫోన్లోనూ రూట్ ఎక్స్‌ప్లోరర్ నాకు అవసరమవుతూనే ఉంది.

ఇక ఫాంట్ దగ్గర ఒక మెలిక. ఆండ్రాయిడ్ 13 ఫోన్లో తెలుగుకు ఉన్నది వేరియబుల్ ఫాంట్, ఒకే ఫైల్ నుంచి 400, 500, 600, 700 మందాలు వస్తాయి. దాని పేరుతో మండలి పెడితే అక్షరాలు మారతాయి, బోల్డ్ మాత్రం మాయమవుతుంది. మండలిలో ఉన్నది ఒకే మందం. అయినా సిస్టమ్ ఫాంట్ల జాబితా అయిన ఫాంట్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో 700 ఉందని రాసి ఉంది కాబట్టి, ఆండ్రాయిడ్ కృత్రిమంగా బోల్డ్ చేసే పని పెట్టుకోదు. ఆ ఎక్స్‌ఎంఎల్‌ను మాడ్యూల్‌లోని సిస్టమ్/ఈటీసీలోకి కాపీ చేసి, తెలుగు కుటుంబంలో 400 ఒక్కటే ఉంచి, దాని యాక్సిస్ (మందం చెప్పే) వరుస కూడా తీసేస్తే హెడ్డింగులు మళ్లీ మందంగా వస్తాయి. ఎలిగెంట్, కాంపాక్ట్ అని తెలుగుకు రెండు కుటుంబాలుంటాయి, రెండింటినీ మార్చాలి.

పాత ఫోన్లో ఇంకో ఇబ్బంది: మెనూలకు వాడే యూఐ ఫాంట్‌ను తక్కువ ఎత్తుకు సరిపోయేలా కుదించి ఉంటారు. దాని స్థానంలో పూర్తి ఎత్తు ఫాంట్ పెడితే ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో వత్తుల కింది భాగం తెగుతుంది. ఫాంట్ ఫైళ్లను సవరించే ఫాంట్‌టూల్స్‌తో యూనిట్స్ పర్ ఎమ్ (అక్షరాల కొలతకు ఆధారమైన అంకె) విలువను పది శాతం పెంచి చూడండి. వత్తుల స్థానాలతో సహా అన్నీ ఒకే నిష్పత్తిలో చిన్నవవుతాయి.

ప్రివ్-యాప్ (ప్రత్యేక అధికారాలున్న సిస్టమ్ యాప్‌ల) ఫోల్డర్‌లోకి ఏపీకే (యాప్ ఫైల్) పెట్టేవారికి ఒక హెచ్చరిక. ఆ యాప్ అడిగే ప్రత్యేక అనుమతులను ఈటీసీలోని పర్మిషన్స్ ఫోల్డర్‌లో ఒక ఎక్స్‌ఎంఎల్‌గా రాయకపోతే, ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ బూట్ కాకుండా ఆగిపోవచ్చు. వెబ్‌సైట్ పేర్లను చిరునామాలతో కలిపే హోస్ట్స్ ఫైల్‌కైతే ఇంత అక్కర్లేదు, మ్యాజిస్క్ సెట్టింగ్స్‌లోనే సిస్టమ్‌లెస్ హోస్ట్స్ ఉంది.

ఫోన్ లోగో దగ్గర ఇరుక్కుంటే సేఫ్ మోడ్‌లోకి బూట్ చేయండి. చాలా ఫోన్లలో బూట్ యానిమేషన్ వచ్చాక వాల్యూమ్ డౌన్ నొక్కిపట్టుకుంటే చాలు, మ్యాజిస్క్ మాడ్యూళ్లన్నిటినీ ఆపేస్తుంది. తర్వాత మామూలుగా రీస్టార్ట్ చేసి, తేడా చేసినదాన్ని తీసేసి మిగతావి ఆన్ చేసుకోవచ్చు. నేరుగా రాసే పద్ధతిలో ఈ భరోసా లేదు. రికవరీ నుంచి పాత ఫైల్‌ను వెనక్కి పెట్టాలి, లేదా రామ్ (ROM, ఫోన్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్) మొత్తం ఫ్లాష్ చేయాలి.

అప్‌డేట్లలోనూ ఇదే తేడా. నేరుగా మార్చిన సిస్టమ్‌లో బ్లాకుల హ్యాష్ (సరిచూసే గుర్తు) సరిపోలక ఇంక్రిమెంటల్ ఓటీఏ (మారిన భాగాలే వచ్చే అప్‌డేట్) విఫలమవుతుంది. మ్యాజిస్క్‌తో అయితే ముందు రిస్టోర్ ఇమేజెస్ నొక్కి, ఓటీఏ ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేయకముందే ఇనాక్టివ్ స్లాట్‌లోకి (కొత్త సిస్టమ్ చేరిన రెండో భాగంలోకి) మ్యాజిస్క్ వేసుకోవాలి. అంతకన్నా ముందు ఫాంట్ మాడ్యూల్‌ను ఆఫ్ చేయండి. అందులో ఉన్నది పాత వెర్షన్ ఫాంట్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్. కొత్త వెర్షన్‌లో కొన్ని ఫాంట్ల పేర్లు మారి ఉండొచ్చు, అప్పుడు తెలుగు ఒక్కటే కాదు, మిగతా భాషల అక్షరాలు కూడా డబ్బాలుగా కనిపిస్తాయి. అప్‌డేట్ అయ్యాక కొత్త ఫైల్‌ను మళ్లీ కాపీ చేసుకుని, అవే మార్పులు చేసి, అప్పుడు మాడ్యూల్ ఆన్ చేయండి.